కారు నడిపే చేతులకు తోలు గ్లౌజులు: ఎంపికలో నా అనుభవం

నాకు చిన్నప్పటి నుంచి అరచేతులకు చెమట ఎక్కువ. పరీక్షలు రాసేటప్పుడు జవాబు పత్రం తడవకుండా చేతి కింద రుమాలు పరచుకొని రాసేదాన్ని. ఉద్యోగంలో చేరిన తర్వాత అది పెద్ద ఇబ్బందిగా అనిపించలేదు కానీ, 2021లో గుంటూరుకు బదిలీ అయి, విజయవాడ పటమటలోని మా ఇంటి నుంచి రోజూ నేనే కారు నడుపుకొంటూ వెళ్లి రావడం మొదలైన తర్వాత ఆ చెమట నాకు నిజమైన సమస్య అయింది. కనకదుర్గమ్మ వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్ గేటు మీదుగా సాగే ఆ ప్రయాణం రాకపోకలు కలిపి రోజుకు 70 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 2022 మే నెలలో ఒక సాయంత్రం, రోజంతా ఎండలో నిలబడిన కారు తీసుకొని బయలుదేరి, మంగళగిరి దగ్గర ఎదురుగా వచ్చిన ఆటోను తప్పించబోయినప్పుడు స్టీరింగ్ నా కుడి చేతిలో నుంచి జారింది. ప్రమాదమేమీ జరగలేదు. అయినా ఆ ఒక్క క్షణం నన్ను చాలా రోజులు వదలలేదు, చేతికి ఏదో ఒక ఆధారం కావాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

మొదట చర్మవ్యాధుల వైద్యురాలిని కలిశాను. రాత్రి పూట రాసుకొనే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం ఇచ్చారు. చెమట కొంత తగ్గిన మాట నిజమే కానీ, వేళ్ల సందుల్లో చర్మం మండుతుండడంతో దాన్ని వారానికి రెండు రోజులకు పరిమితం చేయాల్సి వచ్చింది. తర్వాత స్టీరింగ్‌కు తాడుతో అల్లి బిగించే తొడుగు వేయించాను. దానివల్ల జారడం తగ్గింది, కానీ స్టీరింగ్ చుట్టు లావెక్కింది. నా చేతులు చిన్నవి కాబట్టి, బొటనవేలు, చూపుడువేలు దాని చుట్టూ తిరిగి ఒకదానికొకటి దగ్గరగా రాలేకపోయాయి. అలా సగం మూసిన పిడికిలితో గంటసేపు నడిపితే మణికట్టు నొప్పి పుట్టేది. ఎండకు స్కూటీ మీద వెళ్లే ఆడవాళ్లు వేసుకొనే పొడుగాటి నూలు గ్లౌజులు కూడా ప్రయత్నించాను. నునుపైన ప్లాస్టిక్ మీద నూలు బట్ట జారుతుందన్న సంగతి మొదటి మలుపులోనే తెలిసింది, పది నిమిషాల్లో అవి చెమటకు తడిసి ముద్దయ్యాయి.

అప్పుడు తోలు గ్లౌజుల గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. మన కార్లలో ఎడమ సీటు ముందుండే అరను అందరం గ్లోవ్ బాక్స్ అనే పిలుస్తాం. పైకప్పు లేని తొలినాటి కార్లలో చలిగాలికి, దుమ్ముకు చేతులు కాపాడుకోవడానికి నడిపేవారు గ్లౌజులు వేసుకొనేవారు కాబట్టి, వాటిని దాచుకొనే అరకు ఆ పేరు వచ్చింది. నా అరలో అప్పటిదాకా కారు కాగితాలు, ఒక టార్చిలైటు మాత్రమే ఉండేవి.

విజయవాడలో గ్లౌజులు అడిగితే బైకు సామాన్ల దుకాణానికే పంపుతారు. అక్కడ దొరికేవి బైకు నడిపేవారి కోసం చేసినవి. కింద పడితే చేతిని కాపాడాలి కాబట్టి వేలి కణుపుల మీద గట్టి ప్లాస్టిక్ కవచం, అరచేతిలో రెండు మూడు పొరల దళసరి తోలు, మధ్యలో స్పాంజి ఉంటాయి. ఆ పనికి అవి సరైనవే. కారులో మాత్రం స్టీరింగ్ తిరుగుడు, గేరు కదలిక చేతికి తెలియాలి. ఆ దళసరి గ్లౌజుతో ఇండికేటర్ కాడ పైకి పోయిందో కిందికి పోయిందో కూడా నాకు తెలియలేదు. పైగా అన్నీ మగవారి కొలతలే, అతి చిన్న సైజులో కూడా నా వేలి కొసల దగ్గర అర అంగుళం ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ కొస స్టీరింగ్‌కూ వేలికీ మధ్య మడతపడితే పట్టు ఉండకపోగా, గ్లౌజు లేనప్పటి కంటే ఎక్కువ ప్రమాదమని నాకు అనిపించింది.

తర్వాత ఆన్‌లైన్‌లో, అసలైన తోలు అని రాసి ఉన్న నల్ల గ్లౌజులు తెప్పించుకున్నాను. చేతికి మెత్తగా, మెరుస్తూ, చూడముచ్చటగా ఉన్నాయి. రెండో వారంలో అరచేతిలో నల్లరంగు దిగడం మొదలైంది, చెమటకు కరిగిన ఆ రంగు ఒకరోజు నా లేత పసుపు చీర అంచుకు అంటుకొని ఇప్పటికీ పోలేదు. వర్షాకాలం వచ్చేసరికి బొటనవేలి మొదట్లో పైపొర పెచ్చులుగా లేచింది. ఆ పెచ్చు కింద తోలు పీచు కాక అల్లిక బట్ట కనిపించడంతో, అది బట్ట మీద ప్లాస్టిక్ పూత పూసిన సరుకని అర్థమైంది. కొనేటప్పుడు అంచు దగ్గర కోసిన చోటును నేను చూసి ఉంటే అప్పుడే తెలిసేది. అసలు తోలు కోత అంచులో పీచుపీచుగా ఉంటుంది, వెనకవైపు నూగుగా తగులుతుంది, పైన రంధ్రాలు ఒక వరుసలో కాకుండా ఎలా పడితే అలా ఉంటాయి. అచ్చు వేసినట్లు ఒకే దూరంలో ఉన్న రంధ్రాలు కనిపిస్తే అనుమానించాలి.

2023 జనవరిలో బంధువుల ఇంటి శుభకార్యానికి చెన్నై వెళ్లాల్సి వచ్చింది. అక్కడి సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలోని పెరియమేడు తోలు వ్యాపారానికి పేరుపడిన పేట అని ముందే తెలుసు కాబట్టి, ఒక రోజు ముందుగానే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాను. బయలుదేరే ముందు రెండు పనులు చేశాను. టైలర్ టేపుతో అరచేతి చుట్టుకొలత తీసుకున్నాను. బొటనవేలిని వదిలి, వేళ్ల మొదట్లోని కణుపుల మీదుగా టేపు తిప్పి, చేతిని సగం ముడిచి కొలవాలి. నాకు కుడి చేతికి 7 అంగుళాలు, ఎడమ చేతికి అంతకంటే ఒక పావు అంగుళం తక్కువ వచ్చింది. గ్లౌజు సైజు అంకె అంగుళాల్లో ఈ కొలతే కాబట్టి, పెద్ద చేతిని బట్టి నాది 7వ నంబరు. 1830లలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గ్జావియే జూవాఁ అనే గ్లౌజుల తయారీదారు చేతుల్ని కొలతల వారీగా వర్గీకరించి ఒక పద్ధతి ఏర్పరిచాడు. అంతకుముందు అందాజుగా కోసిన గ్లౌజును కొన్నవారే తమ చేతికి సర్దుకోవలసి వచ్చేది. ఇక రెండో పని, స్టీరింగ్ చుట్టు లావును ఒక దారంతో చుట్టి కొలిచి, ఆ దారాన్ని పర్సులో పెట్టుకోవడం. ఈ దారమే తర్వాత నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

పెరియమేడులో చాలా దుకాణాలు చర్మాలు టోకున అమ్మేవి, బూట్లు, బెల్టులు, సంచులు చేసేవి. మూడు నాలుగు చోట్ల అడిగిన తర్వాత, ఒక సందులో గ్లౌజులు కుట్టే చిన్న పనిశాల చూపించారు. యజమాని అరవై దాటిన పెద్దాయన, నెల్లూరు వైపు సరుకు కొనడానికి తరచూ తిరిగినందువల్ల తెలుగు బాగానే మాట్లాడారు. నా సమస్య అంతా విని, ముందు గ్లౌజులేవీ తీయకుండా నా అరచేతిని తన బల్ల మీద పెట్టమన్నారు. బల్ల మీద పడిన తడి మచ్చ చూసి, "అమ్మా, మీకు మెత్తదనం కంటే పలచదనం ముఖ్యం. లోపల గుడ్డ వేసిన గ్లౌజు అసలు వద్దు. గుడ్డ చెమటను పట్టి ఉంచుతుంది, తోలు కొంచెం కొంచెంగా వదులుతుంది" అన్నారు. అప్పటిదాకా నేను లోపల గుడ్డ ఉంటే చెమట పీల్చుకుంటుందనీ, అది మంచిదనీ అనుకుంటున్నాను.

ఆయన నాలుగు రకాల తోళ్లు వరుసగా పరిచారు. ఆవు తోలు గట్టిది, మన్నుతుంది, కానీ గ్లౌజుకు కావలసినంత పలచగా చీలిస్తే దాని బలం చాలావరకు పోతుంది. మేక తోలు పలచగా ఉండి కూడా బలంగా ఉంటుంది, పైన చిన్న చిన్న గరుకు గింజలు ఉండడంతో పట్టు బాగుంటుంది, అయితే చేతికి అలవాటు పడడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఉన్ని గొర్రె తోలు పట్టులా ఉంటుంది కానీ, ఉన్ని కుదుళ్లు, కొవ్వు ఉన్న చోట పీచు వదులుగా ఉండి, పై పొర కింది పొర నుంచి విడిపోయే గుణం ఉంటుంది. నాలుగోది వెంట్రుక గొర్రె తోలు. దాన్ని నా చేతికిస్తూ, "ఇది మీవైపు గొర్రె జాతే" అన్నారు. వెచ్చటి ప్రాంతాల్లో పెరిగే ఈ గొర్రెలకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే ఉంటుంది కాబట్టి తోలు పీచు దట్టంగా, సన్నగా అల్లుకొని ఉంటుంది. మన నెల్లూరు గొర్రె ఆ కోవకు చెందినదే. తెల్లగా ఉండే పల్ల, తెల్లటి ఒంటితో మూతి, కళ్ల చుట్టూ నల్లమచ్చలుండే జోడిపి, గోధుమ రంగులో ఉండే దొర అని అందులో మూడు రకాలున్నాయని మా నాన్నగారు చెప్పగా వినేదాన్ని. ముందు రోజు రైలు కిటికీలో నుంచి కావలి దాటిన తర్వాత కనిపించిన మందల చర్మానికి నా చేతికి సంబంధం ఉంటుందని నేను ఊహించలేదు. వెంట్రుక గొర్రె తోలు మిల్లీమీటరులో సగానికి కాస్త ఎక్కువ మందంతో, లాగితే సాగుతూ, వదిలితే మళ్లీ దగ్గరపడుతూ ఉంది. విదేశీ గ్లౌజుల వర్ణనల్లో జింక తోలు గొప్పదని చదివి ఉన్నాను కాబట్టి దాని సంగతి అడిగాను. అది అమెరికాలో దొరికే జింకలదనీ, మన దేశంలో చుక్కల జింక, కణుజు వంటి వాటి చర్మంతో వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమనీ, ఆ మాట దుకాణంలో ఎత్తకూడదనీ ఆయన కొంచెం కటువుగానే చెప్పారు. ఆ కటువుతనం నాకు నచ్చింది.

ఊనే పద్ధతి, అంటే పచ్చి చర్మాన్ని తోలుగా మార్చే పద్ధతి గురించి కూడా అడిగాను, ఎందుకంటే నా చర్మం సున్నితం. పూర్వం దక్షిణాదిలో తంగేడు చెక్క, కరక్కాయలతో ఊనేవారనీ, ఆ తోలు చెప్పులకు, పుస్తకాల అట్టలకు మేలైనదే కానీ గ్లౌజుకు కావలసినంత సాగుడు రావాలంటే క్రోమ్ లవణాలతో ఊనడమే మేలనీ చెప్పారు. అయితే ఊనడం సరిగా జరగకపోతే ఆరు వేలెన్సీ క్రోమియం అనే హానికర రూపం ఏర్పడి చర్మానికి దురద పుట్టించవచ్చు. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములకు మించకూడదని యూరోపియన్ యూనియన్ 2015 మే నుంచి నిబంధన పెట్టింది. ఆయన వాడేది ఎగుమతికి పరీక్ష చేయించిన తోలు. నేను నా తడిపిన తెల్ల రుమాలుతో ఆ తోలును ఇరవై సార్లు గట్టిగా రుద్దాను. రంగు దిగలేదు. పాత నల్ల గ్లౌజులు నేర్పిన పాఠం వల్ల, ఎండకు తక్కువ వేడెక్కే లేత గోధుమ రంగు ఎంచుకున్నాను.

తోలు ఎంపిక కంటే కుట్టు ఎంపికకే ఎక్కువ సేపు పట్టింది. నిజానికి రోజువారీ వాడకంలో గ్లౌజు హాయిగా ఉందా లేదా అన్నది కుట్టు మీదే ఎక్కువ ఆధారపడుతుందని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను. మామూలు గ్లౌజులను తిరగేసి కుట్టి, మళ్లీ మలుస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ, తోలు అంచులు లోపలే మిగిలి వేలి కొసను, గోరు పక్కను ఒత్తుతాయి. నలభై నిమిషాలు స్టీరింగ్ పట్టుకుంటే ఆ గీత వేలిపై ముద్రలా పడుతుంది. కారు నడపడానికి పై కుట్టు మేలు. అంచులు బయటికి కనిపిస్తాయి, లోపల మాత్రం వేలికి నునుపైన తోలు తప్ప ఏదీ తగలదు. చూడవలసిన రెండో చోటు వేళ్ల మధ్య సందు. మంచి గ్లౌజులో ముందు ముక్కకూ వెనక ముక్కకూ మధ్య సన్నటి పక్కపట్టీలు వేసి, వేలి మొదట్లో, జుబ్బా చంక కింద వేసే చదరపు ముక్క లాంటి చిన్న ముక్క కుడతారు. అది లేకపోతే వేళ్లు చాచిన ప్రతిసారీ సందులో తోలు లాగి పడుతుంది. నా ఆన్‌లైన్ గ్లౌజుల్లో అవేవీ లేవు, బొటనవేలి మొదట్లోనే వాటి పైపొర లేవడానికి ఒక కారణం కూడా అదే.

కోత దిశ సంగతి నాకు పూర్తిగా కొత్త. పని చేసేవారు తోలును కొంచెం తడిపి, బల్ల మీద నిలువునా లాగి లాగి, ఆ దిశలో ఇక సాగలేనంతగా చేసి అప్పుడు కోస్తారు. అలా కోసిన గ్లౌజు అడ్డంగా సాగి అరచేతికి సర్దుకుంటుంది, వేళ్ల పొడుగు మాత్రం నెలలు గడిచినా పెరగదు. వేలిని పట్టుకొని నిలువునా లాగి చూస్తే ఈ తేడా దుకాణంలోనే తెలిసిపోతుంది.

నమూనాగా ఒక తయారు గ్లౌజు వేసి చూపినప్పుడు అది బిగువుగా ఉందని అన్నాను. "చెయ్యి చాచి చూడకండమ్మా, పిడికిలి పట్టి చూడండి" అన్నారు. నా దారం ఇస్తే, ఆ లావుకు సరిపోయేలా ఒక తోలు ముక్కను గట్టిగా చుట్టి ఇచ్చి పట్టుకోమన్నారు. చాచినప్పుడు బిగువు అనిపించిన గ్లౌజు పట్టుకున్నప్పుడు సరిగ్గా అమరింది. దానికంటే పావు సైజు పెద్దది చాచినప్పుడు ఎంతో హాయిగా ఉన్నా, పట్టుకోగానే అరచేతి మధ్యలో తోలు ముడతపడింది. కొత్త తోలు వాడుకలో కొంత వదులవుతుంది కాబట్టి మొదటి రోజు కొద్దిగా బిగువుగా, వేలి కొస తోలుకు తాకీ తాకనట్లుగా ఉండాలి. అదే గ్లౌజుతో సీటు బెల్టు తాళం నొక్కినట్లు, తాళంచెవి తిప్పినట్లు, బల్ల మీది రూపాయి నాణెం ఎత్తినట్లు చేసి చూశాను. నాణెం రెండో ప్రయత్నంలో వచ్చింది, నాకు అది చాలనిపించింది. టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ వచ్చిన తర్వాత చిల్లర తీసే పని ఎలాగూ లేదు.

చివరికి రెండు జతలు చెప్పాను. ఒకటి నిండు వేళ్లది, కణుపుల దగ్గర గుండ్రటి కంతలు, చేతి వెనక సూది రంధ్రాలు, మణికట్టు వెనక తెరిచి బటను పెట్టుకొనేలా. రెండోది ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసుకోవడానికి సగం వేళ్లది. సగం వేళ్ల గ్లౌజులో తెగిన అంచు వేలి మధ్య కణుపు మీద పడకుండా, దానికి కొంచెం కిందనే ఆగాలని పట్టుబట్టాను, ఎందుకంటే కణుపు మీద పడిన అంచు వేలు ముడిచిన ప్రతిసారీ కోస్తుంది. రెండు జతలకు కలిపి 3,600 రూపాయలు అయింది. శుభకార్యం ముగిసి తిరుగు రైలు ఎక్కే రోజుకు సిద్ధం చేసి ఇచ్చారు.

మొదటి వారం చేతులు కొత్తగా అనిపించాయి, రెండో వారం నుంచి వేసుకున్నట్లే మరిచిపోయాను. స్టీరింగ్‌ను అంతకుముందు భయంతో గట్టిగా బిగించి పట్టుకొనేదాన్ని, జారదన్న ధీమా రావడంతో పట్టు దానంతట అదే సడలి, మణికట్టు నొప్పి కూడా తగ్గింది. చేతులు ఇప్పటికీ చెమరుస్తాయి. ఆ తడి ఇప్పుడు నాకూ స్టీరింగ్‌కూ మధ్య లేదు. మే నెలలో ఎండలో నిలిపిన కారు స్టీరింగ్‌ను వెంటనే పట్టుకోగలగడం నేను ముందుగా ఆశించని మేలు.

చెమట ఉప్పు తోలుకు శత్రువు కాబట్టి సంరక్షణ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఒక రోజు ఒక జత, మరుసటి రోజు రెండో జత వాడి, మొదటిది పూర్తిగా ఆరేలా చూస్తాను. ఎండాకాలంలో సగం వేళ్లవి రోజూ కావలసి వస్తుంది కాబట్టి అవి రాత్రంతా ఫ్యాను కింద ఆరతాయి. డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెడితే తోలు అట్టలా బిగుసుకుపోతుంది, అందుకే వేళ్లు చాపి నీడలో ఆరేస్తాను. వారానికోసారి తడిపి పిండిన మెత్తటి గుడ్డతో లోపలి అంచులు తుడిచి, రెండు నెలలకోసారి తోలుకు రాసే క్రీము అతి పలచగా పట్టిస్తాను, అరచేతి వైపు మాత్రం రాయను, ఎందుకంటే అక్కడ జిడ్డు చేరితే పట్టు పోతుంది. మన కోస్తా వర్షాకాలంలో మూసిన గ్లోవ్ బాక్స్‌లో పెడితే నాలుగు రోజుల్లో తెల్లటి బూజు పడుతుందని ఒకసారి అనుభవమైంది, అప్పటి నుంచి ఇంటికి తెచ్చి గాలి తగిలే అలమారలో ఉంచుతున్నాను.

రెండేళ్లు దాటిన తర్వాత నిండు వేళ్ల జతలో ఎడమ గ్లౌజు అరచేతి మధ్యలో పలచబడింది. మన కార్లలో గేరు ఎడమ చేతికి ఉండడం, విజయవాడ ట్రాఫిక్‌లో దాన్ని నిమిషానికి పలుమార్లు మార్చవలసి రావడం దానికి కారణం. కుడి గ్లౌజు మాత్రం కొత్తదానిలాగే ఉంది. పెద్దాయనకు ఫోను చేస్తే, ఒక్క ఎడమది కుడితే వేరే చర్మం కాబట్టి సాగుడులోనూ రంగులోనూ తేడా వస్తుందనీ, జత మొత్తం కొత్తగా కుట్టించుకోవడమే మంచిదనీ అన్నారు. పాత జతనే కొలతగా కొరియర్‌లో పంపించాను. ఎడమ అరచేతిలో గేరు తగిలే చోట పైనుంచి అదే తోలుతో ఒక ముక్క వేయమనీ, వేళ్ల కొలతల్లో మాత్రం ఏమీ మార్చవద్దనీ ఒక చీటీ రాసి ఆ పొట్లంలో పెట్టాను.